శనివారం ఆకులు

ముప్పై మూడేళ్లు ఒకే పని చేశాను. ఢిల్లీలో ఒక పంటల పరిశోధన సంస్థలో టెక్నీషియన్ని. సైంటిస్టులు ఆలోచించేవారు, విద్యార్థులు రాసేవారు, నేను పొలానికి పోయి ఆకులు కోసుకొచ్చేవాణ్ణి. ఇది చిన్న పని అనుకునే పిల్లలు మీలో ఎవరైనా ఉంటే, నిన్న మొన్న ల్యాబులో చేరి చేతికి గ్లవ్స్ తొడుక్కుంటున్నవాళ్లు, కాస్త ఓపిగ్గా ఇది చదవండి. నేను చేసిన తప్పు చెబుతాను. ఎవరో పట్టుకున్నది కాదు, నా చేత్తో నేనే రోజూ రాసిపెట్టుకున్నది.

నాకు పొగరు ఉండేది. దాచుకోవడమెందుకు? మా గైడుగారు, అంటే ల్యాబు పెద్ద, బీహారు మనిషి. మేం తెలుగువాళ్లం ఒకరినొకరు ఫలానా గారూ అని పిలుచుకోవడం విని, అదేదో మర్యాదైన పేరనుకుని నన్ను మొదటిరోజు నుంచీ 'గారూజీ' అని పిలిచేవాడు. ఏ మీటింగులోనైనా ఎవరి లెక్కలు తేడా వచ్చినా, "శాంపిల్ గారూజీ తెచ్చారా? అయితే తప్పు మీ దగ్గరే ఉంది" అని విద్యార్థుల్ని కసిరేవాడు. నేను వెనక నిలబడి మీసం దువ్వుకునేవాణ్ణి.

నా ఆఖరి మూడేళ్లలో మా ల్యాబుకి అనంతపురం పిల్ల ఒకతె వచ్చింది. జియా సరాయ్‌లో మంచం పడితే తలుపు పూర్తిగా తెరుచుకోని గది ఒకటి అద్దెకు తీసుకుని ఉండేది. మొదటి వారం నన్ను 'సార్' అంది, రెండో వారానికి ఢిల్లీ నీళ్లు ఒంటబట్టి 'అంకుల్' అయిపోయాను. తెలుగు మాట వినపడితే చాలు, ఆ పిల్ల మొహం విప్పారేది. మా ఆవిడ పెట్టిన గోంగూర డబ్బా పట్టుకెళ్తే ఒక్కపూటలో ఖాళీ చేసి, "అంకుల్, ఇంగొంచెం కారం వేయల్ల" అని వంకపెట్టేది.

ఆమె పని పెసర మీద. చెట్టు పగలంతా ఎండలో పిండి తయారు చేసుకుని ఆకులో దాచుకుంటుంది. చీకటి పడ్డాక వండి పెట్టేవాళ్లు ఉండరు కాబట్టి ఆ దాచుకున్నదే కొద్దికొద్దిగా కరిగించుకుని తెల్లారేదాకా బతుకుతుంది. మరి మే నెల ఢిల్లీ ఎండలో, నీళ్లు కూడా లేకపోతే, ఆ పిండి ఏమవుతుంది? దాచుకుంటుందా, దుబారా చేసుకుంటుందా? ఇదీ ఆమె థీసిస్. ఒక మడికి నీళ్లు పెడతాం, ఒక మడికి ఆపేస్తాం. ప్రతి ఐదో రోజు మధ్యాహ్నం మూడింటికి రెండు మళ్లలోంచీ ఆకులు కోసి, ఓవెన్లో ఎండబెట్టి, పొడి చేసి, పిండి ఎంతుందో కొలవాలి. కోసేది నేను, కొలిచేది ఆమె.

నీళ్లు ఆపిన మడి పొలం చివర ఉండేది. దూరం మడి ముందు కోసుకుని, వచ్చేదారిలో దగ్గర మడి కోసుకుంటే ఒక్క నడక తగ్గుతుంది. ఆ పద్ధతి గైడుగారే పెట్టాడు, నేను తు.చ. తప్పకుండా పాటించాను. కోసిన ఆకులు కాగితం కవర్లలో వేసి, కవర్లన్నీ నల్ల గుడ్డ సంచిలో పెట్టి, భుజాన వేసుకుని, నాలుగింటికల్లా గేటు దగ్గరికి చేరేవాణ్ణి. పొలంలోంచి వచ్చినవాడు గేటు బయట టీ తాగకుండా లోపలికి పోవడమనేది మా సంస్థలో లేదు. సైంటిస్టు నుంచి నీళ్లు పెట్టేవాడి దాకా అందరూ నాలుగింటికి అక్కడే, ఒకే బల్ల మీద. కబుర్లన్నీ అక్కడే, ప్రమోషన్లన్నీ అక్కడే. గైడుగారు కూడా అక్కడికే వచ్చి, "పహలే చాయ్, ఫిర్ కామ్, గారూజీ" అనేవాడు. ముందు టీ, తర్వాత పని.

ఒక్క శనివారం మాత్రం నేను వెళ్లేవాణ్ణి కాదు. మా పెద్దమ్మాయికి పసితనంలో పెద్ద జ్వరం వచ్చి తగ్గినప్పటి నుంచీ నాకు శనివారం ఒంటిపొద్దు మొక్కు. ఆ రోజు బయట మంచినీళ్లు కూడా ముట్టను. ఆకులు కోసే వంతు శనివారం పడితే నేరుగా ల్యాబుకి పోయి, పని ముగించుకుని, మెట్రో ఎక్కి ఇంటికొచ్చి దీపం పెట్టుకునేవాణ్ణి.

మూడో ఎండాకాలం ఆకుల కోతలు కూడా అయిపోయాయి. ఆ పిల్ల లెక్కలు కట్టింది. నీళ్లు ఆపిన మడి ఆకుల్లో పిండి దాదాపు లేదు. తుడిచిపెట్టుకుపోయింది. గైడుగారి ఆనందం చెప్పలేను. ఎందుకంటే, చాలా ఏళ్ల కిందట మా ల్యాబులోనే ఎమ్మెస్సీ చేసిన ఒక కుర్రాడు ఇదే సంగతి మొదట చూపించాడు. ఎండకి నీళ్ల కరువు కలిస్తే పెసరాకు ఖాళీ అయిపోతుందని. ఆ కుర్రాడు ఇప్పుడు వేరే రాష్ట్రంలో పెద్ద ప్రొఫెసరు, ఆ ఒక్క మాటతో పేరు తెచ్చుకున్నాడు. అతనికి శాంపిళ్లు తెచ్చింది కూడా నేనే. "చూశారా గారూజీ, ఇన్నేళ్ల తర్వాత కూడా అచ్చంగా అదే ఫలితం!" అన్నాడు గైడుగారు. నాకు కూడా ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

నేను రిటైరవడానికి నెలన్నర ఉందనగా, మే నెల మధ్యలో, ఆ పిల్ల ఒకరోజు పొద్దున్నే నా బల్ల దగ్గరికొచ్చి నిలబడింది. చేతిలో కాగితం. ఇంకో పది రోజుల్లో థీసిస్ సెమినారు, జూలైతో ఫెలోషిప్ సరి.

"అంకుల్, కోపం తెచ్చుకోవద్దు. ఒకటి అడగల్ల."

"అడుగమ్మా."

"మూడేండ్లలో నాలుగు దినాలు మాత్రం లెక్క తేడా కొడతాంది. నీళ్లు ఆపిన మడిలో గూడ ఆ నాలుగు దినాలూ పిండి బాగానే ఉంది. సార్ చూసి, అవి తీసెయ్, శాంపిల్ తెచ్చేటప్పుడు ఏదో తప్పు జరిగింటాది అన్నారు. తీసేసినాను. కానీ సెమినారులో ఎవరన్నా అడిగితే ఏం చెప్పల్లని..."

నాకు నషాళానికి అంటింది. గైడుగారు అన్నాడా ఆ మాట? నా చేతి శాంపిల్లో తప్పా?

"ఏ రోజులో చెప్పు" అని రిజిస్టరు లాగాను. ఆ రిజిస్టరు నా ప్రాణం. పొలానికి ఎన్నింటికి వెళ్లాను, కోత ఎన్నింటికి మొదలు, గేటుకి ఎన్నింటికి వచ్చాను, ఓవెన్లో ఎన్నింటికి పెట్టాను, అన్నీ ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి ఉంటాయి. ప్రతి వారం గైడుగారి సంతకం. ఆమె తారీఖులు చదువుతుంటే నేను పేజీలు తిప్పాను. మొదటిది శనివారం. రెండోది శనివారం. మూడోది, నాలుగోది కూడా శనివారాలే.

నాకు ఒళ్లు మండిపోయింది. "బాగుందమ్మా! వారానికి ఒక్కరోజు నిష్ఠగా ఉంటాను. తప్పు చెయ్యడానికి నాకు ఆ రోజే దొరికిందా? ఇదిగో చూడు. ఆ నాలుగు రోజులూ గేటుకి నాలుగింటికి వచ్చాను, నాలుగుంబావుకి ఓవెన్లో పెట్టేశాను. మిగతా రోజుల్లో అయిదున్నర. మరి ఎప్పుడు పద్ధతిగా చేసినట్టు?"

ఆ పిల్ల రిజిస్టరు తనవైపు తిప్పుకుంది. వేలు పెట్టి ఒక్కో గీతా కిందికి దిగుతూ చదివింది. ఒక అయిదున్నర దగ్గర వేలు ఆగిపోయింది.

"అంకుల్... మిగతా దినాల్లో ఈ గంటన్నర ఆకులు యాడ ఉన్యాయి?"

"ఎక్కడుంటాయి? నా పక్కనే. టీ కొట్టు బల్ల మీద, సంచిలో."

"దూరం మడి ఆకులు ఇంగా ముందు నుంచీ సంచిలోనే కదా?"

"అవును మరి. అవి ముందు కోస్తాం కదా."

"అవి సంచిలో చచ్చిపోలేదు అంకుల్" అంది మెల్లిగా. "కోసినంత మాత్రాన ఆకు చావదు. సంచి నల్లది, లోపల చీకటి. దానికి రాత్రయింది. ఉన్న పిండి తినేసింది."

  ముప్పై మూడేళ్లు ఆకుల్ని ముట్టుకుని బతికినవాణ్ణి. చెట్టు రాత్రిపూట పిండి కరిగించుకుంటుందని ఎంతమంది కొత్త పిల్లలకి నేనే చెప్పి ఉంటానో. సంచిలో ఉన్నది కూడా ఆ ఆకే అని నాకు తట్టలేదు! వేసవిలో, వేడి సంచిలో, అసలే పిండి తక్కువ ఉన్న ఎండుమడి ఆకు ఇంకా తొందరగా ఖాళీ అవుతుంది. నేను పక్కన కూర్చుని అల్లం టీ ఊదుకుంటూ తాగాను. అది పక్కన తన ఆఖరి తిండి తింటోంది.

తప్పు రోజులని తీసేసిన ఆ నాలుగు శనివారాలే సరైనవి. మిగతావన్నీ తప్పు.

ఇప్పుడు నేను చెప్పబోయేది రాయడానికి సిగ్గుగా ఉంది. నేను తలుపు వేసొచ్చి, ఆ పిల్లతో ఇలా అన్నాను: "అమ్మా, ఇది మనిద్దరి మధ్యే ఉండనీ. నెలన్నరలో నేను వెళ్లిపోతాను. నువ్వు పది రోజుల్లో సెమినారు ఇచ్చేసుకుంటావు. ఎవరికీ నష్టం లేదు కదా."

ఆమె తిడితే బాగుండేది. నేలకేసి చూస్తూ "సరే అంకుల్" అంది. రిజిస్టరు మూసి నా చేతికిచ్చి వెళ్లిపోయింది. ఆ 'సరే' నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

సాయంత్రం ఇంటికి వెళ్లగానే మా ఆవిడ మొహం చూసి, "ఏవండీ, ఎవరైనా పోయారా?" అంది. జరిగింది చెప్పాను. కూరలు తరుగుతున్నదల్లా కత్తిపీట మీంచి లేచింది. "ఆ పిల్ల నోరు మీరు నొక్కేశారా? మీరా?" అంది. అంతే, ఇంకో మాట లేదు. వంటింట్లో గిన్నెల చప్పుడు మాత్రం మామూలు కన్నా ఎక్కువ వినపడింది.

మర్నాడు నేను ఎవరికీ చెప్పకుండా పొలానికి వెళ్లాను. చిన్న స్టవ్వూ, స్పిరిటూ, గాజు బీకరూ, నీళ్ల గిన్నే తీసుకెళ్లాను. నీళ్లు ఆపిన మడిలో ఇరవై ఆకులు కోశాను. పది ఆకుల్ని గట్టు మీదే, నీళ్ల గిన్నెలో బీకరు పెట్టి మరిగిస్తున్న స్పిరిట్‌లో పడేశాను. అందులో పడితే ఆకు ఆ క్షణమే పోతుంది, పిండి ఎక్కడిదక్కడే ఉండిపోతుంది. మిగిలిన పదీ ఎప్పటిలాగే సంచిలో వేసుకుని టీ కొట్టుకి పోయి కూర్చున్నాను. ఎప్పుడూ కూర్చునేంతసేపూ కూర్చున్నాను. టీ ముందు పెట్టుకున్నాను గానీ గుక్క దిగలేదు.

"అంకుల్‌జీ, చాయ్ ఠండీ హో గయీ" అన్నాడు కొట్టు భయ్యా. చల్లారిపోయిందట.

"భయ్యా, నేను శనివారం ఇక్కడికి ఎప్పుడైనా వచ్చానా?" అని హిందీలో అడిగాను. ఒక్క శనివారమైనా వచ్చి ఉంటే ఆ పిల్ల మాట తప్పవుతుందని నాకింకా ఎక్కడో ఆశ.

నవ్వాడు. "శనివార్ కో ఆప్ కహాఁ ఆతే హో? ఆప్‌కే భగవాన్ కా దిన్ హై." శనివారం మీరెక్కడొస్తారు, మీ దేవుడి రోజు కదా అని. "ఆ రోజు మీ గ్లాసు కడిగే పని నాకు తప్పుతుంది."

ల్యాబుకి వెళ్లి, సంచి ఆకుల్ని కూడా స్పిరిట్‌లో మరిగించి, రెండు రకాలకీ పచ్చరంగు పోగొట్టాను. రెండు పింగాణీ పళ్లేలు తెచ్చి పరిచాను. ఇది మీరు బళ్లో చేసిన ప్రయోగమే. అయోడిన్ పోస్తే పిండి ఉన్నచోట నల్లబడుతుంది. పొయ్యబోయే ముందు ఆ పిల్లనీ, గైడుగారినీ పిలిచాను.

మొదటి పళ్లెంలో ఆకులు చూస్తుండగానే కాటుక పెట్టినట్టు నల్లబడ్డాయి. రెండో పళ్లెంలోవి లేత గోధుమరంగులో అలాగే ఉండిపోయాయి. ఒకే మడి, ఒకే చెట్లు, ఒకే పూట.

గైడుగారికి మొదట అర్థం కాలేదు. "దూస్‌రీ ప్లేట్ కిస్‌కీ హై?" అన్నాడు. రెండో పళ్లెం ఎవరిదని.

"నాదే సార్. మీదీ. టీ తాగి వచ్చిన ఆకులు" అన్నాను. రిజిస్టరు తీసి ముందు పెట్టాను.

ఆయన చదివాడు. కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ చదివాడు. ప్రతి పేజీ చివరా ఆయన సంతకమే. గేటు నాలుగు, ఓవెన్ అయిదున్నర. గేటు నాలుగు, ఓవెన్ అయిదున్నర. ఏళ్ల తరబడి అలాగే. ఒక్కసారి ఒకదాంట్లోంచి ఒకటి తీసేసి చూడాలని ఆయనకీ తోచలేదు, నాకూ తోచలేదు. "దస్తఖత్ కర్‌తా రహా" అన్నాడు. "పఢా కభీ నహీఁ." సంతకం పెడుతూ పోయానే గానీ చదివింది లేదు అని. అంత పెద్దమనిషి అలా స్టూలు మీద కూలబడిపోయాడు.

ఒక్క నిమిషం ఆయన కళ్లలో కూడా, నిన్న నేను తలుపు వేసొచ్చి అన్న మాటే కనపడింది. నేను తొందరపడి, "సార్, నిన్న నేను ఈ పిల్లని నోరు మూసుకోమన్నాను. అది చాలు. ఇంకొకరు అనొద్దు" అనేశాను. ఆ ధైర్యం ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు తెలియదు. వంటింటి గిన్నెల చప్పుడే అనుకుంటాను.

ఆయన తలెత్తి, "సెమినార్ క్యాన్సిల్. ఇంకో సీజన్ చెయ్యి" అన్నాడు ఆ పిల్లతో.

అప్పుడు ఏడ్చింది ఆ పిల్ల. అంతవరకూ చుక్క రాల్చలేదు. "ఫెలోషిప్ అయిపోతాది సార్. గది బాడుగ ఎట్ల కట్టల్ల? ఇంట్లో ఏం చెప్పల్ల?" అని తెలుగులోనే అడిగింది. ఆయనకి అర్థం కాకపోయినా నన్ను అనువాదం చెయ్యమనలేదు.

నెలన్నరకి, రిటైరైన రోజున, నాకు పూలదండ వేసి, శాలువా కప్పి, 'శాంపిల్ అంటే గారూజీదే' అని ఎవరో స్పీచిచ్చి పంపేశారు. ఆ మాటకి అందరూ చప్పట్లు కొడుతుంటే గైడుగారూ నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోయాం.

ఆ పిల్ల ఏడాది వెనకపడింది. లక్ష్మీ నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో పిల్లలకి బయాలజీ చెప్పుకుని గది నిలబెట్టుకుంది. మళ్లీ ఎండాకాలం వచ్చాక నేను ప్రతి ఐదో రోజు జనక్‌పురిలో మా ఇంటి నుంచి మెట్రోలో వెళ్లాను. ఉద్యోగిని కాదు కాబట్టి గేటు దగ్గర విజిటర్ల పుస్తకంలో సంతకం పెట్టి, పని ఏమిటన్న గడిలో 'ఆకులు' అని రాసేవాణ్ణి. ఆకుని క్షణంలో గడ్డకట్టించే ద్రవ నైట్రోజన్ డబ్బా గట్టు మీదే పెట్టుకుని, కోసిన ఆకుని కోసినట్టే అందులో ముంచాం. ఆ పెసర చెట్లు ఆకులు ఖాళీ చేసుకోవడం లేదని తేలింది. నీళ్లు లేని ఎండలో పిండి తగ్గుతుంది, నిజమే. కానీ ఉన్నదాన్ని ఒళ్లు దగ్గర పెట్టుకుని వాడుకుంటాయి, తెల్లారేదాకా సరిపెట్టుకుంటాయి. పాత నాలుగు శనివారాల లెక్కా, కొత్త లెక్కా ఒకదానిపక్కన ఒకటి అతికినట్టు సరిపోయాయి. కోతకీ ఓవెన్‌కీ మధ్య ఆలస్యం ఎంత దగా చేస్తుందో ఆమె ఒక అధ్యాయమే రాసింది. పాత ఫలితాలు తప్పని అందులో నిక్కచ్చిగా ఉంది.

వైవా రోజున నన్ను కూడా రమ్మంది. వెనక వరసలో కూర్చున్నాను. బయటి నుంచి వచ్చిన పరీక్షకుణ్ణి చూడగానే గుర్తుపట్టాను. ఆయనే. ఆ పాత ఎమ్మెస్సీ కుర్రాడు. జుట్టు నెరిసింది గానీ, పెన్ను మూత కొరికే అలవాటు అలాగే ఉంది. ఆ పిల్ల తప్పని రాసింది ఆయన పేరు తెచ్చుకున్న మాటనే. ఆమె పట్టా ఆయన సంతకం మీద ఉంది.

ఆమె ఆ అధ్యాయం చెబుతున్నంతసేపూ ఆయన కదల్లేదు.  అయిపోయాక ఆయన ఆమెని ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. కుర్చీలో వెనక్కి తిరిగి, నన్ను వెతికి పట్టుకున్నాడు.

"గారూజీ, మేరే సాంపల్ భీ ఆప్ హీ లాతే థే న?" నా శాంపిళ్లూ తెచ్చింది మీరే కదా అని.

లేచి నిలబడ్డాను. "జీ సర్."

"చాయ్ కే బాద్?"

 ఆ కుర్రాడితో ఆ బల్ల మీద ఎన్ని టీలు తాగానో నాకు గుర్తొచ్చింది. మా ఇద్దరి మధ్యా సంచి ఉండేది.

"టీ తాగాకే సార్" అన్నాను. "ఒక్క శనివారాలవి మాత్రం నమ్మొచ్చు."

ఆయన పెన్ను మూత తీసి, ఆ పిల్ల కాగితాల మీద సంతకం పెట్టాడు. పెట్టి, తన కాలం నాటి రిజిస్టర్లు ఏ బీరువాలో ఉన్నాయని నన్నడిగాడు.